డ్రెయిను గట్టు మీద అంతర్జాతీయ వ్యవహారాలు

మా మనవరాలికి అంతర్జాతీయ వ్యవహారాలు, ప్రపంచ భద్రత అనే చదువులో ఎమ్మే సీటు ఇప్పించినవాణ్ని నేనే. ఇంటర్వ్యూ రోజున కంప్యూటర్లో కనిపించిన ప్రొఫెసర్లతో అరగంట సేపు చైనా గురించీ, సముద్రాల గురించీ, మా కొల్లేటి గురించీ మాట్లాడాను. చివరికి వాళ్లలో పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడి, "ఇలాంటి తాతగారున్న పిల్లకి మేం కొత్తగా నేర్పేదేముంటుందండీ" అన్నాడు. కైకలూరు టీకొట్టు దగ్గర ఈ మాట చెబితే ఇంతవరకు అడ్డం చెప్పినవాడు లేడు. అడ్డం చెప్పాలంటే ముందు ఆ చదువేమిటో తెలియాలి కదా.

నిజానికి అదేమిటో నాకూ తెలియదు. తెలుసుకోవడానికి ఒక వేసవంతా పట్టింది. ఈ వయసులో ఇంకా తెలుసుకోవలసింది మిగిలి ఉండడం నాకు భలే సరదాగా అనిపించింది.

మాది కైకలూరు పక్కన, కొల్లేటి అంచున ఒక ఊరు. ఒకప్పుడు వరి, తర్వాత చేపలు, ఇప్పుడు రొయ్యలు. చెరువులు మా అబ్బాయి చూసుకుంటాడు. ఉదయం పేపరు చదవడం, మధ్యాహ్నం దాని గురించి ఊళ్లో మాట్లాడడం నా పని. ఇది పనికిమాలిన పని అనుకోకండి. రొయ్య వేసినవాడికి విదేశీ వార్తలే వాన కబురు. ఎక్కడో అమెరికావాడు సుంకం పెంచుతానంటే మా దగ్గర రొయ్యలు కొనే ఏజెంటు ఫోనెత్తడు. ఈక్వెడార్ అనే దేశంలో రొయ్య బాగా పండిందంటే మా వీధిలో మొహాలు వాడిపోతాయి. ఆ దేశం మ్యాపులో ఎక్కడుందో చూపించమంటే మాత్రం నేను వేలు గాల్లో తిప్పి, ఏదో ఒక నీలం రంగు పక్కన ఆపుతాను.

మనవరాలు ఏలూరులో డిగ్రీ చదివింది. చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం. పరీక్షలయ్యాక ఒక సాయంత్రం, వాళ్ల నాన్న అన్నం తింటుండగా మెల్లిగా కదిపింది.

"నాన్నా, నేను ఎమ్మే చేస్తానండి. ఇంటర్నేషనల్ రిలేషన్స్."

"అంటే?"

"దేశాలు ఒకదానితో ఒకటి ఎలా ఉంటాయో చదవడం."

"ఎలా ఉంటాయి? కొట్టుకుంటాయి. దానికి రెండేళ్లా?"

నేను ఫక్కున నవ్వాను. కోడలు నా వైపు చూసింది. నవ్వు మింగేశాను.

"కొట్టుకోని రోజులే ఎక్కువ నాన్నా. అవి ఎందుకు కొట్టుకోవడం లేదో చదవాలి" అంది పిల్ల.

మావాడు పెరుగన్నం కలుపుకున్నాడు. వాడి మనసులో ఉన్నది బీఈడీ. ఏలూరులోనే చదువుతుంది, తర్వాత దగ్గర్లో ఏదో ఒక స్కూల్లో టీచరవుతుంది, సాయంత్రానికి ఇంటికొస్తుంది. అందులో తప్పేం లేదు. ఇంటికి రావడమనేది తేలిక విషయం కాదు.

"సరే. ఎక్కడెక్కడ ఉంది, ఏం నేర్పుతారు, చదివాక ఏమవుతావు, ఈ మూడూ కనుక్కునిరా. అప్పుడు చెబుతాను. తాతయ్యని తీసుకెళ్లు. ఆయనకి పనేం లేదుగా" అన్నాడు.

చివరి మాట అక్కర్లేదు. కానీ బాధ్యత నా మీద పడింది కాబట్టి క్షమించేశాను. మావాడు సరేనంటే ఆ చదువు, కాదంటే బీఈడీ. ఆ వేసవంతా పిల్లకి అదొక్కటే బెంగ. రాత్రిళ్లు ఫోను చూసుకుంటూ కూర్చుంటే, ఈ కాలపు పిల్లల సంగతి తెలుసుగా అని మొదట అనుమానించాను. తొంగి చూస్తే విశ్వవిద్యాలయాల పేజీలు.

తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణ మండపంలో పైచదువుల మేళా పెట్టారని తెలిసి ముందు అక్కడికి బయలుదేరాం. స్టేషను బయట ఉల్లిపాయల లారీలు దాటుకుని వెళ్లేసరికి మండపం కిటకిటలాడుతోంది. పెళ్లికొడుకు కూర్చునే వేదిక మీద కెనడా, వంటల వైపు జర్మనీ. ఒక బల్ల దగ్గర టై కట్టుకున్న కుర్రాడు మమ్మల్ని ఆప్యాయంగా కూర్చోబెట్టాడు.

"ఏ కంట్రీ అండీ?"

"అన్నీనూ" అన్నాను.

"అన్నీ అంటే అండీ?"

"మా పిల్ల అన్ని దేశాల గురించీ చదువుతుందట."

"అలా కుదరదండి. ఏదో ఒక కంట్రీ సెలెక్ట్ చేసుకోవాలండి."

పిల్ల నన్ను మోచేత్తో పొడిచి, తనకి కావలసినది వివరంగా చెప్పింది. అంతర్జాతీయ వ్యవహారాలు, ప్రపంచ భద్రత, ఇక్కడైనా సరే, విదేశంలోనైనా సరే. ఆ అబ్బాయి కంప్యూటర్లో చాలాసేపు వెతికాడు. పాపం, వెతకడంలో లోపం చెయ్యలేదు.

"ఇంటర్నేషనల్ బిజినెస్ ఉందండి. లేదు సెక్యూరిటీనే కావాలంటే సైబర్ సెక్యూరిటీ ఉందండి. మంచి డిమాండండి."

"ఈ రెండిటికీ మధ్యలోది కావాలి నాయనా" అన్నాను.

"రెండూ చేసేస్తే మీరడిగింది దాదాపు వచ్చేస్తుందండి."

పిల్ల మొహం చూస్తే జాలేసింది. మాకో చేతిసంచీ, కూల్‌డ్రింకూ ఇచ్చి పంపుతూ, ఆ కుర్రాడు ఎవరూ వినకుండా అడిగాడు: "ఏవండీ, నిజంగా ఆ కోర్సులో ఏం చెబుతారండీ? వినడానికి బావుంది." ఆ మేళాలో అన్ని బల్లల దగ్గరా తిరిగాం. ఆ చదువు గురించి అడిగినవాడు అతనొక్కడే.

తిరుగు రైల్లో పిల్ల కిటికీకి తల ఆనించింది. "నాన్న అన్నదే కరెక్టేమో తాతయ్యా. అసలు ఇలాంటి చదువు మనవైపువాళ్లకి కాదేమో" అంది. సంచీలో ఉన్న రంగు కాగితాలన్నీ తీసి నేను ఒక్కొక్కటీ చదవడం మొదలుపెట్టాను. చెప్పడానికేమీ తోచనప్పుడు నేను చదువుతాను.

ఏలూరులో దిగాక, తనకి డిగ్రీలో రాజనీతి చెప్పిన మేడం పవరుపేటలో ఉంటారనీ, ఈమధ్యే రిటైరయ్యారనీ పిల్లకి గుర్తొచ్చింది. వెళ్లేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తున్నారు. మాకూ చెరో రెమ్మ ఇచ్చారు. నేను ప్రపంచ భద్రత గురించి మొదటి పాఠం విన్నది మునగాకు దూస్తూనే.

"కోర్సు పేరు తర్వాత చూద్దాం గానీ, నీకు దేని మీద ప్రశ్న ఉందో చెప్పమ్మా" అన్నారు ఆవిడ.

పిల్ల తడబడింది. ఆవిడే విడమరిచి చెప్పుకొచ్చారు. ఉత్త అంతర్జాతీయ సంబంధాలంటే అన్నీ కొంచెం కొంచెం ఉంటాయట. బియ్యం ఎగుమతి నుంచి బాంబు దాకా. దౌత్యం, అంతర్జాతీయ చట్టం వైపు వెళితే ఒప్పందాలు ఎలా రాస్తారు, రాసినవాటిలో ఎక్కడ చిల్లులుంటాయి అన్నది నేర్పుతారు. భద్రత అంటే ఒకప్పుడు సైన్యాలు, సరిహద్దులు, ఆయుధాలే. ఇప్పుడు అందులో నీళ్లు, అంటురోగాలు, సముద్రంలో చేపలవేట కూడా చేరాయి. అలా కాదు, ఒక ప్రాంతాన్నే పట్టుకుంటానంటే అక్కడి భాష కూడా నేర్చుకోవాలి. కొన్నింటికి ఉమ్మడి ప్రవేశ పరీక్ష, కొన్నింటికి ఇంటర్వ్యూ. మనదేశంలో రెండేళ్లు. బయట చాలాచోట్ల ఒక్క ఏడాదితో అయిపోయేవీ ఉన్నాయి, కాకపోతే ఊపిరాడదు.

"చదివాక ఏమవుతుందండీ?" మావాడి మూడో ప్రశ్న నేనే వేశాను.

"సివిల్సు రాసేవాళ్లు రాస్తారు. పరిశోధన సంస్థలు, పత్రికలు, ఎగుమతి కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి. పాఠాలు చెప్పుకోవచ్చు. కానీ మొదటి ఉద్యోగం మాత్రం చిన్నదే వస్తుందండి. ఆ మాట వాళ్ల నాన్నగారికి ముందే చెప్పెయ్యండి. తర్వాత తెలిస్తే మోసపోయాననుకుంటారు."

నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది. మేళాలో ఎవరూ చిన్న ఉద్యోగం గురించి మాట్లాడలేదు. అప్పుడే నేను ఆ ప్రశ్న అడిగాను. "ఏవండీ, ఊళ్లో గొడవైతే పోలీసున్నాడు. దేశాలకి పోలీసెవరండీ?"

ఆవిడ మునగాకు పక్కన పెట్టేశారు. "ఎవరూ లేరండి. ఎవరూ లేకపోయినా అవి మాట మీద ఎప్పుడు నిలబడతాయి, ఎప్పుడు తప్పుతాయి, ఈ చదువంతా అదేనండి. మంచి ప్రశ్న వేశారు."

ఆ ప్రశంస నేను చాలామందికి చెప్పాను. ఆ ప్రశ్న ఉదయం బస్సులో పిల్ల నాతో అన్నదేనని మాత్రం ఇవాళే చెబుతున్నాను. అది అక్కడ మొహమాటపడి ఊరుకుంటే, పడి ఉన్న వస్తువే కదా అని నేను తీసుకున్నాను.

అలా పిల్ల నాలుగైదు చోట్ల దరఖాస్తు పెట్టింది. ఢిల్లీ వైపు ఒక విశ్వవిద్యాలయం ఇంటర్వ్యూకి పిలిచింది. ఇంట్లోంచే, కంప్యూటర్ ముందు కూర్చుని మాట్లాడాలి.

ఇక ఆ ఇంటర్వ్యూ సంగతి. మొదట్లో చెప్పింది కొంచెం ఎక్కువే కోశాను. ఆ రోజు నా ఉద్యోగం వీధి అరుగు మీద కాపలా. మైకు పెట్టుకుని వచ్చే చేపల ఆటో మా వీధిలోకి తిరక్కుండా చూడాలి. కోడలు కుక్కరు పెట్టలేదు. మావాడు చెరువు దగ్గరే ఉండిపోయాడు. అంతా సవ్యంగా జరుగుతుండగా, ఎండకి పిల్ల గొంతెండిపోతుందేమోనని నాకు అనిపించింది. గ్లాసుడు మజ్జిగ పట్టుకుని లోపలికెళ్లాను. చొక్కా లేదు, భుజాన తుండుగుడ్డ మాత్రం ఉంది. కంప్యూటర్లోంచి ఒకావిడ ఎవరని అడిగింది. "మా తాతయ్యండీ" అని పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. నేను గ్లాసుతోనే నమస్కారం పెట్టాను. వాళ్లూ పెట్టారు. నా అరగంట అంతే. ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. పిల్ల మాత్రం నన్ను బయటికి పంపడానికి సగం లేచింది.

బయటికొచ్చాక అది మజ్జిగ తాగుతూ చెప్పింది. "అన్నీ బానే చెప్పాను తాతయ్యా. ఒక్కటే సరిగ్గా రాలేదు. పడని దేశాల మధ్య నమ్మకం ఎలా పుడుతుంది, నీకు తెలిసిన ఉదాహరణ చెప్పు అన్నారు. పుస్తకంలోది చెప్పాను. అది మా పుస్తకంలోనూ ఉందమ్మా అన్నారు."

అయినా సీటొచ్చింది. వస్తావో రావో సోమవారంలోగా చెప్పమన్నారు. మావాడు మాత్రం ఔననలేదు, కాదనలేదు. పంట చివరికొచ్చింది, రొయ్య పట్టుబడికి దగ్గరపడింది. ఆ రోజుల్లో వాడు గట్టు మీద పాకలోనే ఉంటాడు. మేత, నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు తప్ప ఇంకో ధ్యాస ఉండదు. పిల్ల అడగదు, వాడు చెప్పడు. శనివారం పొద్దున్నే నేనే వెళ్లి తేల్చేస్తానని బయలుదేరాను. దారంతా ఉపన్యాసం సాధన చేసుకుంటూ నడిచాను.

ఇక్కడ మా డ్రెయిను గురించి ఒక మాట చెప్పాలి. దాని రెండు పక్కలా వరసగా చెరువులు. అందరం అందులోకే నీళ్లు వదులుతాం, అవసరానికి అందులోంచే తోడుకుంటాం. ఎవరి చెరువుకైనా జబ్బొస్తే ఆ నీళ్లు వదిలేముందు తూము దగ్గరున్న వెదురుకర్రకి ఏదో ఒక గుడ్డ కడతారు. అది చూసి మిగతావాళ్లు మోటార్లు ఆపేసి తూములు మూసేసుకుంటారు. ఈ కట్టుబాటు ఏ ఆఫీసువాళ్లూ పెట్టింది కాదు. గుడ్డ కట్టినవాడికి నష్టమే. ఏజెంటు కూడా దాన్ని చూస్తాడు, చూసి ధర తెగ్గొడతాడు. అయినా కడతారు. అందుకే మా గట్ల మీద ఆడవాళ్లెవరూ ఆ కర్రల మీద బట్టలారెయ్యరు. చంటిపిల్లల జుబ్బాలు కూడా.

గట్టెక్కేటప్పుడు కాలు జారి బురదలో కూర్చున్నాను. తుండుగుడ్డ ఉతుక్కుని, పిండి, దులిపి, చేతికందిన కర్ర మీద ఆరేశాను. నా మనసంతా ఉపన్యాసం మీదే ఉంది. పాకలోకెళ్లి మావాడి ఎదురుగా కూర్చుని, "ప్రపంచం నేడు ఒక కూడలిలో ఉంది" అని మొదలుపెట్టాను.

వాడు చెయ్యెత్తి నన్ను ఆపాడు. దిగువన ఎక్కడో ఒక మోటారు ఆగింది. తర్వాత దాని అవతలిది. తర్వాత ఇంకోటి. ఎప్పుడూ ఉండే ఆ రొద పోయేసరికి చెవులు ఖాళీ అయిపోయినట్టున్నాయి. మావాడి ఫోను మోగింది. అది పెట్టేసేలోగా ఏజెంటు ఫోను. అంతలో దిగువ చెరువాయన బండేసుకుని వచ్చేశాడు.

"ఏవండీ బావగారూ, నిన్న సాయంత్రం కూడా నిక్షేపంలా ఉన్నాయన్నారుగా! ఎప్పుడు తగిలిందండీ?"

"ఏం తగలడం? ఏమీ తగల్లేదు!"

"మరి గుడ్డ కట్టారుగా!"

మావాడు బయటికి పరిగెత్తాడు. కర్ర మీద నా తుండు గాలికి జెండాలా రెపరెపలాడుతోంది.

"నాన్నా! ఇదెవరు వేశారండీ ఇక్కడ?"

"బురదైందిరా... ఆరేశాను."

"డ్రెయిను పొడుగునా మోటార్లు ఆగిపోయాయండీ మీ తుండుగుడ్డకి!"

దిగువ చెరువాయన గట్టు మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. నవ్వాడే గానీ మా మాట నమ్మి వెళ్లిపోలేదు. "ఏవనుకోకండి బావగారూ, ఒకసారి చెక్‌ట్రే ఎత్తండి" అన్నాడు. మేత తిన్నదీ లేనిదీ చూసే ఆ వలపళ్లెం ఎత్తితే రొయ్యలు చిటపటలాడుతూ ఎగిరాయి. వేలితో తిప్పి తిప్పి చూసి, ఫోటో తీసి అందరికీ పంపాడు. అయినా ఇంకో ఇద్దరు వచ్చి తమ కళ్లతో చూసుకునే వెళ్లారు. ఒక్కొక్క మోటారే మళ్లీ మొదలైంది.

ఈ మధ్యలో పిల్ల క్యారేజీ పట్టుకుని స్కూటీ మీద వచ్చింది. జరిగింది విని మొదట అదీ నవ్వింది. తర్వాత దిగువ చెరువాయన్ని పట్టుకుంది.

"మావయ్యా, మీరు ఫోన్ చేసి అడక్కుండానే మోటారు ఎందుకాపేశారు?"

"అడిగి ఆపేలోపు నీళ్లు వచ్చేస్తాయమ్మా. ముందు ఆపడం, తర్వాత తిట్టుకోవడం."

"గుడ్డ అబద్ధమైతే?"

"ఇదిగో, ఇవాళైందిగా. ఇంకోసారి మీ తాతగారి గుడ్డ అయితే ముందు తాతగారిని చూసి, తర్వాత ఆపుతాం."

పిల్ల కళ్లు అదోలా మెరవడం చూశాను. అందరూ వెళ్లాక ముగ్గురం పాకలో కూర్చుని భోజనం చేశాం. అప్పుడు నేను నా ఉపన్యాసం అందుకున్నాను. దేశాలకి పోలీసు లేడన్నాను. మన డ్రెయినుకీ లేడన్నాను. మొదటి ఉద్యోగం చిన్నదే వస్తుందని కూడా దాచకుండా చెప్పాను. చదువుకున్నవాళ్లు ఢిల్లీలో కూర్చుని వెతుకుతున్నది మన తూము దగ్గర వెదురుకర్ర మీద ఉందన్నాను. నేను ముగించేసరికి మావాడు పిల్ల వైపు తిరిగి, "సోమవారం దాకా ఎందుకు? వస్తున్నానని ఇవాళే చెప్పెయ్" అన్నాడు.

పిల్ల వెళ్లింది. భద్రత వైపే తీసుకుంది. పడనివాళ్లు ఒకరి మాట ఒకరు ఎలా సరిచూసుకుంటారు అన్నదాని మీద అక్కడ ఒక పేపరంతా ఉందట. ఫోన్ చేసినప్పుడల్లా నేను అడుగుతాను, అది చెబుతుంది. నాకు సగం అర్థమవుతుంది, రెండు సగాలు టీకొట్టు దగ్గర చెబుతాను.

ఇంతవరకూ రాసి మొన్న మా అబ్బాయికి చదివి వినిపించాను. ఇంటర్వ్యూ దగ్గర నవ్వాడు. తుండుగుడ్డ దగ్గర తల పట్టుకున్నాడు. ఉపన్యాసం దగ్గరికొచ్చేసరికి చెయ్యెత్తాడు.

"మీరేం మాట్లాడారండీ ఆ రోజు? అన్నం తిని పాకలో గుర్రు పెట్టి నిద్రపోయారు. పిల్లే అడిగింది నన్ను. 'పోయినేడు ఎగువ చెరువాయనకి జబ్బొచ్చింది కదా నాన్నా, ఆయనకీ మనకీ గట్టు తగాదా, మాటల్లేవు. గుడ్డ కట్టకపోతే ఆయన రొయ్యకి ధర వచ్చేది, మన పంట పోయేది. మరెందుకు కట్టాడు?' అని. నాకు తెలీదే అన్నాను. 'మీకూ తెలీకపోతే నేను వెళ్లి కనుక్కోవద్దా' అంది. వెళ్లమన్నాను. జరిగింది అదండీ. ఆ ఉపన్యాసమంతా కొట్టేసి ఇది రాయండి."